పటంలో తెల్లగా వదిలే చోటు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొక్కజొన్నను తినే కత్తెర పురుగు మన దేశంలో ఎక్కడెక్కడ స్థిరపడగలదో వాతావరణాన్ని బట్టి అంచనా వేసి పటం గీసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో, ఆ రాత్రి అంత దిగులూ పట్టుకుంది.

పురుగు కనిపించిన చోట్ల వివరాలు సేకరించి సరిచూడటం నీకు తెలిసిన పనే. అయితే కనిపించిన ప్రతిచోటా అది కాపురం పెట్టిందని అనుకోకు. గడ్డకట్టే చలిని నిద్రావస్థలో దాటుకునే శక్తి దానికి లేదు. అందుకే అమెరికాలో అది చలికాలం బతికి బట్టకట్టేది ఫ్లోరిడా, టెక్సాస్‌ల దక్షిణ భాగాల్లోనే. అక్కడి నుంచి రెక్కల పురుగులు ఏటా వేసవిలో కెనడా దాకా వెళ్ళినా, ఆ సంతతి చలికి నశిస్తుంది. చుట్టపుచూపుగా వెళ్ళిన ఆ చోట్లను కూడా కలిపావంటే, ఆ చలి దానికి సరిపడుతుందని నీ లెక్క తప్పు చెబుతుంది.

ఇక నా తప్పు చెబుతాను. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో ఈ పురుగు బయటపడ్డాక, నేనూ ఒక పటం తయారుచేశాను. వర్షపాతం, ఉష్ణోగ్రతలు మాత్రమే తీసుకుని, వానాకాలం ముగిశాక పురుగుకూ పైరుకూ తేమ చాలదని నిర్ణయించి, యాసంగి నెలల్లో తెలంగాణలో చాలా భాగాన్ని తెల్లగా వదిలేశాను. బోరుబావుల కింద మొక్కజొన్న ఏపుగా పెరుగుతుందన్న సంగతి, ఆ చేల మధ్యే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. జనవరిలో ఒక రైతు నన్ను తన చేనికి తీసుకెళ్ళాడు. మొక్క నడిమి లేత ఆకుల సుడిలో ఆకు విప్పితే తడిసిన రంపపు పొట్టులాంటి విసర్జన, దాని కింద తలపై తిరగేసిన ‘వై’ గుర్తుతో పురుగు. ఆయన కోపపడలేదు. "పటంల మా ఊరు లేదు గద సార్" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

అందువల్ల వానాధారానికి ఒక పటం, సాగునీటికి మరొక పటం గీయి. సమాచారం దొరకని చోటునూ, పురుగు బతకలేని చోటునూ ఒకే రంగులో చూపించకు. తెలుపు చూసిన రైతు మందు కొనడం మాత్రమే కాదు, సుడి విప్పి చూడటం కూడా మానేస్తాడు. నువ్వు ఈ ఏడాది ఒక్క చేనూ తొక్కలేదట. అది నాకు బొత్తిగా నచ్చలేదు.

పటం బయటికి ఇచ్చేముందు యాసంగి భాగం నాకు పంపించు తల్లీ. చేలకు వెళ్ళేటప్పుడు తలకు గుడ్డ చుట్టుకో. చిన్నప్పటినుంచీ నీకు ఎండ పడదు.

నీ మామయ్య