రెండు బోర్డుల బడి పెట్టబోతున్న మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

ఛత్రపురం రోడ్డులో కొన్న స్థలంలో సీబీఎస్ఈ, ఇంగ్లండువారి కేంబ్రిడ్జి సిలబసు రెండూ చెప్పే బడి కట్టిస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పగానే, మన ఇంట్లో పాఠాలు చెప్పినవాళ్లే తప్ప బడి పెట్టినవాళ్లు లేరు కదా అని పొంగిపోయాను; ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ట్రస్టు రిజిస్ట్రేషను, రాష్ట్ర ప్రభుత్వపు నిరభ్యంతర పత్రం, అగ్నిమాపక శాఖ అనుమతి నీ ఆడిటరు చూసుకుంటాడు. ఒకే ఆవరణలో రెండు బోర్డుల తరగతులు నడిపే విషయంలో మాత్రం ఎవరి నోటిమాటా నమ్మకుండా రెండు బోర్డుల నుంచీ కాగితం తెచ్చుకో.

నా భయం పరీక్షల తేదీల గురించి. నేను పనిచేసిన ఒక బడి యాజమాన్యం గేటుకు కొత్త బోర్డు తగిలించి ఐజీసీఎస్ఈ తరగతి, అంటే కేంబ్రిడ్జివారి పదో తరగతి చదువు, పెట్టింది. మన దేశపు బడుల కోసం కేంబ్రిడ్జి కొన్ని సబ్జెక్టులకు మార్చిలోనూ పరీక్ష పెడుతుంది, ఆ ఫలితాలు మేలో వచ్చేస్తాయి. వీళ్లేమో సిలబసు పూర్తి కాలేదని పిల్లలను జూన్ విడత పరీక్షలకు కూర్చోబెట్టారు. ఆ ఫలితాలు ఆగస్టు నడిమికి గాని రాలేదు. అప్పటికి ఇక్కడి కాలేజీల్లో ప్లస్ టూ ప్రవేశాలు ముగిశాయి. నా తరగతిలో ముందు వరుసలో కూర్చునే బట్టల కొట్టువారి అమ్మాయి గ్రేడ్ల పత్రం పట్టుకుని కాలేజీల చుట్టూ తిరిగింది. ఒక గుమాస్తా దాన్ని వెనక్కి తిప్పి చూసి, మొత్తం మార్కులెక్కడున్నాయమ్మా అని అడిగాడు. గ్రేడ్లను మార్కులుగా ఎలా లెక్కిస్తారో, పదో తరగతితో సమానమని చెప్పే పత్రాన్ని భారత విశ్వవిద్యాలయాల సంఘం నుంచి తెచ్చుకోవచ్చో లేదో యాజమాన్యంలో ఒక్కరికీ తెలియదు. బంగారంలాంటి పిల్లకు ఏడాది పోయింది. వాళ్ల నాన్న ఫీజు వాపసు అడగలేదు, ముందే ఒక మాట చెప్పవలసింది టీచరమ్మా అని మాత్రం అన్నాడు.

కాబట్టి ఎనిమిదో తరగతి చివర తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ప్లస్ టూ ఎక్కడ చదివిస్తారో అడుగు. డాక్టరు చదువు కావాలంటే కేంబ్రిడ్జివారి ప్లస్ టూ అయిన ‘ఎ-లెవెల్’లో కూడా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ఉండాలనీ, నీట్‌కు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఎలాగూ చదవక తప్పదనీ దాచకుండా చెప్పు. ఒక అడ్మిషను పోతే పోయింది, మొండివాడివి, ఇక్కడ మాత్రం నా మాట విను.

ఇంకొకటి, నువ్వు నవ్వినా సరే. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా గలగలా మాట్లాడే మన పిల్లలకు అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవడం రావడం లేదు. సీబీఎస్ఈలో తెలుగు, ఒడియా రెండూ సబ్జెక్టులుగా ఉన్నాయి. కేంబ్రిడ్జి తరగతివారికి కూడా, పరీక్ష ఉన్నా లేకపోయినా, తెలుగు పీరియడు పెట్టు. టీచరు దొరకకపోతే నేనున్నాను, మోకాళ్ల నొప్పులతో మేడ మెట్లు ఎక్కలేను గనుక కింద గది ఇవ్వు.

ప్రాస్పెక్టసు ప్రెస్సుకు ఇచ్చేముందు నాకు పంపు. ఎర్ర సిరా పెన్ను ఇంకా ఉంది.

ఇట్లు,
మీ అత్త