గదబలు, పరజలు, కోందులు: పక్కపక్క పల్లెలే, రక్తం ఒకటేనా?

మీ ప్రశ్న ఇది: ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో నందపూర్, లమతపుట్ వైపు గదబ, పరజ, కోందు అనే గిరిజన తెగల పల్లెలు పక్కపక్కనే ఉంటాయి కదా, వీళ్ళంతా ఒకే మూలం వాళ్ళా, డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ఎవరు ఎవరో తేలుతుందా అని.

నేను జయపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. ల్యాబ్ టెక్నీషియన్‌గా పదిహేనేళ్ళు ఈ కొండల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) క్యాంపులకు తిరిగాను. శాస్త్రవేత్తను కాను. కొంత చదివాను, ఎక్కువ చూశాను.

భాషను బట్టి మాత్రం రక్తం లెక్క కట్టకండి. ఒకసారి నందపూర్ సంతలో క్యాంపు పెట్టాం. బెంచీ మీద ఇద్దరు ముసలమ్మలు, ఇద్దరూ గదబలే. నీళ్ళ సీసా చూపించి దీన్ని మీ ఇంట్లో ఏమంటారని అడిగాను. ఒకామె 'నీర్' అంది, రెండో ఆమె 'డా' లాంటి మాట ఏదో అంది. మొదటిది ఓల్లారి, మన తెలుగుకు చెల్లెలి వరస. రెండోది గుతోబ్, ముండా భాష. దాని చుట్టాలు కంబోడియా, వియత్నాం దాకా ఉన్నారు. తీరా వాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నది ఈ రెండిట్లోనూ కాదు, ఒడియాకు దగ్గరగా ఉండే దేశియాలో!

జన్యువుల్లో కూడా ఇలాంటి కలగలుపే కనిపిస్తుంది. ముండా భాషల మగవాళ్ళలో, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ ఎక్కువ మందిలో ఆగ్నేయాసియా రకం. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఇక్కడిదే. అంటే ఎప్పుడో వేల ఏళ్ళ కింద తూర్పు నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది మగవాళ్ళు, ఇక్కడి ఆడవాళ్ళను చేసుకున్నారు. ఒకరకంగా ఇల్లరికమే, కాకపోతే అల్లుళ్ళ భాష నిలిచింది. దీనికి ఎదురు ఉదాహరణ గోండులు. వాళ్ళ భాష ద్రావిడం, అయినా ముండా భాషలవాళ్ళతో వాళ్ళకు జన్యుపరంగా చాలా పోలిక ఉందని 2017లో వచ్చిన పరిశోధన చెప్పింది.

స్లిప్పులు రాసేటప్పుడు నన్ను మొదట తికమక పెట్టినవి ఇంటిపేర్లు. కిల్లో అంటే పులి వంశం, కొర్ర అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద. ఇవే పేర్లు వేరువేరు తెగల్లో ఉన్నాయి, సరిహద్దు దాటి అరకు, పాడేరు వైపూ ఉన్నాయి. పెళ్ళి తెగలోనే, కానీ ఒకే వంశంలో కుదరదు. పులికి పులిని ఇవ్వరు.

ఇక సికిల్ సెల్. మందు కలిపిన నీళ్ళలో వేలి చుక్క రక్తం వేసి, అయిదు నిమిషాలాగి, ట్యూబు వెనక గీతల కాగితం పెట్టి చూస్తాం. గీతలు కనపడకపోతే అనుమానం. గదబ పిల్లాడి ట్యూబైనా, కోందు పిల్లదైనా, పరజ పిల్లదైనా అలాగే మసకబారేది. సికిల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళను (వీళ్ళనే క్యారియర్లంటారు) ఫాల్సిపారం అనే ప్రమాదకర రకం మలేరియా అంత తేలిగ్గా చంపలేదు కాబట్టి మలేరియా కొండల్లో అది నిలిచిపోయింది. మన దేశపు గిరిజనుల్లో అది దాదాపు ఒకే మూలం నుంచి వచ్చిందని చదివాను.

ఇన్నాళ్ళూ కొండల్లో జనాన్ని వేరుచేసింది కొండలే అనుకున్నాను. మా ఇంట్లో జరిగింది వినండి. మేం కోమట్లం. మా తాత సాలూరు ఘాటీ ఎక్కి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టాడు. కొన్నేళ్ళ కింద మా మామయ్యకు కోస్తాలో ఒక ఆస్పత్రిలో హెర్నియా ఆపరేషన్ అయింది. పని గంటలో ముగిసింది, ఆయనకు మాత్రం సొంతంగా ఊపిరి రాలేదు. వెంటిలేటర్ తీయడానికి ఇంకో అయిదు గంటలు పట్టింది. అత్తయ్య టెన్షన్‌తో తులసి దళాలు నములుతూ కూర్చుంది. మత్తు డాక్టర్ బయటికొచ్చి అడిగిన మొదటి మాట, "మీరు వైశ్యులా?"

మత్తిచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే సక్సామిథోనియం మామూలుగా కొన్ని నిమిషాల్లోనే విరిగిపోవాలి. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ లోపం మావాళ్ళలో మామూలు కంటే ఎక్కువ. కారణం ఏమిటంటే, వంద తరాలకు పైబడి మాలో మేమే చేసుకోవడం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ వాళ్ళు కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో ఆ సంగతి ఉంది. రోజూ పది ఊళ్ళవాళ్ళు వచ్చిపోయే కొట్టు మాది, అయినా కంచె మాకే గట్టిగా ఉంది. ఆ రోజు నుంచి గిరిజనుల వంశాల గురించి కొట్లో నవ్వుతూ మాట్లాడటం మానేశాను.

అందుకని మీ ప్రశ్నకు నా జవాబు: వేల మందిని పోల్చితే తెగల మధ్య తేడాలు కనిపిస్తాయి, ఒక్కరి ఉమ్మి పంపి నువ్వు గదబ, నువ్వు పరజ అని తేల్చమంటే కుదరదు. ఆన్‌లైన్‌లో అమ్మే కిట్లు తమ దగ్గరున్న శాంపిళ్ళతోనే పోలుస్తాయి. వాటిలో ఈ కొండలవాళ్ళు ఎందరుంటారు? ఆ డబ్బు మిగుల్చుకోండి. సికిల్ సెల్ పరీక్ష మాత్రం ప్రభుత్వ క్యాంపుల్లో ఉచితంగానే చేస్తారు, ఇంట్లో పెళ్ళీడు పిల్లలుంటే తప్పకుండా చేయించండి. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.