టిక్కులు లెక్కపెట్టి కాలాన్ని కొలవకండి

ప్రతి సెకనుకూ గడియారం మారాలి, అరనిమిషానికోసారి ఫైలు సేవ్ కావాలి, లూపులో థ్రెడ్.స్లీప్ (కాసేపు ఆగమనే ఆదేశం) పెడితే విన్‌ఫార్మ్స్ (డాట్‌నెట్‌లో విండోలున్న ప్రోగ్రాములు రాసే పద్ధతి) విండో బిగుసుకుపోతోంది, ఏ టైమర్ వాడాలి అని అడిగారు. ముందు ఆ స్లీప్ తీసేయండి. విండోను గీసేదీ, మౌస్ క్లిక్కులను అందుకునేదీ ఒకటే థ్రెడ్, అంటే పనులను ఒకదాని తరువాత ఒకటి చేసే వరుస. అది నిద్రపోతే విండో కదలదు. గడియారానికి టూల్‌బాక్స్‌లోని టైమర్ చాలు: ఇంటర్వల్ మిల్లీసెకన్లలో ఇచ్చి, టిక్ ఈవెంటులో (ఇంటర్వల్ గడిచిన ప్రతిసారీ నడిచే చోట) కోడ్ రాసి, స్టార్ట్ పిలవండి. అయితే దాన్ని ఎంతవరకు నమ్మాలో నాకు ఒక పరీక్ష రోజున తెలిసింది.

కొన్నేళ్ల క్రితం ఒక శిక్షణ కేంద్రానికి మాదిరి పరీక్షల ప్రోగ్రాము రాశాను. పరీక్ష గంటసేపు. 3600తో మొదలుపెట్టి టిక్కుకు ఒకటి చొప్పున తగ్గించాను. నా కంప్యూటర్‌లో సరిగ్గానే నడిచింది. పరీక్ష రోజున ఒక అమ్మాయి లేచి, "సార్, నాకు సమయం అయిపోయింది, పక్కవాళ్లకు ఇంకా రెండు నిమిషాలు చూపిస్తోంది" అంది. అందరూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లే. ఆమె మాట నిజం. ఒక్క మార్కు కోసం నెలల తరబడి చదివే పిల్లల మధ్య నా కోడ్ ఈ తేడా పెట్టిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబులను అరనిమిషానికోసారి నెట్‌వర్క్ ఫోల్డరులో సేవ్ చేసే కోడ్‌ను కూడా అదే టిక్‌లో పెట్టాను. పాత కంప్యూటర్లలో దానికి రెండు మూడు సెకన్లు పట్టేది. ఈ టైమర్ విండోస్ పంపే డబ్ల్యూఎం_టైమర్ సందేశం మీద నడుస్తుంది. వరుసలో ఉన్న మిగతా సందేశాలయ్యాకే దాని వంతు. పైగా థ్రెడ్ మూడు సెకన్లు పనిలో ఉంటే మూడు సందేశాలు పోగుపడవు, ఒక్కటే మిగులుతుంది. గంటలో 120 సేవ్‌లు, ఒక్కోసారి ఒక్క సెకను జారినా రెండు నిమిషాలు! పక్కవాళ్ల గడియారాలు అలా వెనకబడ్డాయి.

ఆ తరువాత టిక్కుల లెక్కే తీసేశాను. పరీక్ష మొదలవగానే స్టాప్‌వాచ్ (గడిచిన కాలాన్ని కొలిచే డాట్‌నెట్ సాధనం) ఆన్ అవుతుంది. టిక్ వచ్చినప్పుడల్లా గంటలోంచి గడిచిన కాలాన్ని తీసివేసి చూపించడమే టైమర్ పని. టిక్ ఆలస్యమైనా, ఒకటి తప్పిపోయినా, తరువాతి టిక్‌కు సరైన సమయమే కనిపిస్తుంది. డేట్‌టైమ్.నౌ వాడకండి, ఎవరైనా కంప్యూటర్ గడియారం మారిస్తే అదీ మారిపోతుంది. ఇంటర్వల్ 250 ఇవ్వండి. 1000 ఇస్తే అప్పుడప్పుడు ఒక అంకె దాటేసినట్టు కనిపిస్తుంది. మరీ తగ్గించి 1 ఇచ్చినా లాభం లేదు, విండోస్ మామూలుగా 15.6 మిల్లీసెకన్లకోసారి మాత్రమే టైమర్లను చూసుకుంటుంది.

సేవ్‌కు సిస్టమ్.టైమర్స్.టైమర్ వాడండి, అది వేరే థ్రెడ్‌లో నడుస్తుంది. అక్కడి నుంచి లేబుల్‌ను (విండోలో రాత చూపించే చోటు) నేరుగా ముట్టుకోకుండా, పనిని విండో థ్రెడ్‌కు అప్పగించే బిగిన్‌ఇన్వోక్ ద్వారా మార్చండి. ఒక సేవ్ ముగియకముందే రెండోది మొదలుకాకుండా ఆటోరీసెట్‌ను (టైమర్ తనంతట తానే మళ్లీ మొదలయ్యే అమరిక) ఫాల్స్ చేసి, ఫైనలీలో (తప్పు జరిగినా తప్పక నడిచే భాగం) మళ్లీ స్టార్ట్ పిలవండి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ టైమర్ తన ఎలాప్స్‌డ్ ఈవెంటులో (దీని టిక్ లాంటిదే) వచ్చిన ఎక్సెప్షన్లను, అంటే కోడ్ నడిచేటప్పుడు వచ్చే తప్పులను, చప్పుడు లేకుండా మింగేస్తుంది. సేవ్ విఫలమైనా మీకు తెలియదు. ట్రై-క్యాచ్ పెట్టి తప్పును మీరే లాగ్‌లో రాసుకోండి.

డాట్‌నెట్ 6 గానీ ఆపైది గానీ ఉంటే పీరియాడిక్‌టైమర్ ఇంకా సులువు, ఒక పని అయ్యాకే మరొకటి మొదలవుతుంది. ఏది వాడినా ఫారం మూసేటప్పుడు టైమర్‌ను ఆపి, చివరి సేవ్ మీరే చేయించండి. లేకపోతే ఆఖరి అరనిమిషంలో రాసిన జవాబులు పోతాయి.