డీకోడర్ మొదలుపెట్టే ముందు

చిట్టితల్లీ,

వేట పడవలకి తుపాను హెచ్చరికలు అందించే రిసీవర్ చేస్తున్నావని, దారిలో చెడిన బిట్లని సరిచేసి సందేశం విప్పే డీకోడర్ ఎఫ్‌పీజీఏలో (మనకి కావలసినట్టు మలుచుకునే చిప్‌లో) నువ్వే రాస్తున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్లో చెప్పింది. సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత తప్పులు దిద్దే కోడ్‌గా ఎల్‌డీపీసీ వాడతావట అన్న మాట గుర్తొచ్చి లేచి కూర్చున్నాను.

ఎందుకమ్మా ఎల్‌డీపీసీ? 5జీలో ఉందనా? అక్కడ డేటాకి అది వాడతారు, పొట్టిగా ఉండే కంట్రోల్ సమాచారానికి పోలార్ కోడ్ అనే ఇంకోటి వాడతారు. ఎల్‌డీపీసీ సత్తా పెద్ద బ్లాకుల్లో తెలుస్తుంది. శాటిలైట్ టీవీ ప్రమాణం డీవీబీ-ఎస్2లో మామూలు బ్లాకు 64,800 బిట్లు. నీ సందేశం 200 బిట్లు. దానికి పాత కన్వల్యూషనల్ కోడే (ఒక్కో బిట్‌ని దాని ముందు బిట్లతో కలిపి పంపేది) చాలు: కన్‌స్ట్రెయింట్ లెంగ్త్ 7 (ఈ బిట్, దాని ముందు ఆరు), రేటు సగం (ఒక బిట్‌కి రెండు పంపడం), 64 స్టేట్లు (ఆ ఆరు బిట్లు ఉండగల రకాలు), వచ్చినదానికి అతి దగ్గరి దారిని వెతికే విటర్బీ డీకోడర్. ట్రేస్‌బ్యాక్, అంటే వెనక్కి చూసుకునే దూరం, 35 అడుగులు ఉంచుకో. రేడియోలో పంపే వేగం సెకనుకి 9600 బిట్లు అని అమ్మ చెప్పింది, అంటే అసలు బిట్లు సెకనుకి 4800. వాటికి 64 స్టేట్లు లెక్కేస్తే సెకనుకి మూడు లక్షల పైచిలుకు లెక్కలే. ఆ లెక్క చేసే ఒక్క యూనిట్‌నే తిప్పి తిప్పి వాడుకో, 64 పక్కపక్కన పేర్చకు. చిప్ చిన్నదైతే పడవ బ్యాటరీకీ మంచిది.

సాఫ్ట్ డెసిషన్ తప్పకుండా పెట్టు, అంటే ప్రతి బిట్‌తో పాటు అది ఎంత నమ్మదగ్గదో కూడా డీకోడర్‌కి చెప్పు. మూడు బిట్లు చాలు, సిగ్నల్ దాదాపు రెండు డీబీ బలహీనంగా ఉన్నా పని జరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముప్ఫై ఏళ్ల కిందట నాగావళి నీటిమట్టం రేడియోలో పంపే పని ఒకటి నా చేతికొచ్చింది. ఇదే కోడ్ వాడాను. సిమ్యులేషన్‌లో గ్రాఫ్ ముచ్చటగా వచ్చింది, బిట్‌కి సిగ్నల్-నాయిస్ నిష్పత్తి నాలుగున్నర డీబీ లోపే ఉన్నా లక్ష బిట్లకి ఒక్క తప్పే. ఇక బిట్ల వరస చెదరగొట్టి పంపే ఇంటర్‌లీవర్ ఎందుకు, ఒక మెమరీ చిప్ దండగ అనుకున్నాను. సందేశం చెడిందో లేదో తేల్చే సీఆర్‌సీ ఎందుకు, 16 బిట్లు దండగ అనుకున్నాను. పెద్దవాళ్లెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు.

నా గ్రాఫ్‌లో ఉన్నది అన్నివేళలా ఒకేలా ఉండే నాయిస్. నది పొంగే రాత్రి ఉండేది పిడుగులు. ఒక్కో మెరుపుకి ఇరవై ముప్ఫై బిట్లు వరుసగా కొట్టుకుపోయాయి. పైగా ఆ దెబ్బకి వోల్టేజీ చివరిదాకా ఎగిరింది కదా, దాన్ని నా సర్క్యూట్ 'గట్టి నమ్మకం' కింద డీకోడర్‌కి అందించింది. విటర్బీకి 'నాకు తెలీదు' అనడం రాదు తల్లీ. దగ్గరగా ఉన్న దారి ఏదో ఒకటి వెతికి చెప్పేస్తుంది. అలాగే చెప్పింది, ఉన్నదానికంటే రెండడుగులు తక్కువ. తెర మీద అంకెలు శుభ్రంగా కనిపించాయి. ఎవరికీ అనుమానం రాలేదు.

తెల్లారేసరికి గట్టు కింద పశువుల పాకలు మునిగిపోయాయి. మనుషులు తప్పించుకున్నారు. రెండెడ్లు పోయిన ముసలాయన ఒకాయన తడి తువ్వాలు భుజానేసుకుని నా ముందుకొచ్చాడు. తిట్టలేదు. “బాబూ, రేత్రి నీ మిసను ఏటి సెప్పింది?” అని అడిగాడు. నేను నోరు విప్పలేకపోయాను. ఈ మాట మీ అత్తకి తప్ప ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

అందుకే సీఆర్‌సీ పెట్టు. లెక్క తేలకపోతే 'సందేశం అందలేదు' అని ఎర్ర దీపం వెలగాలి, అంతే. హెచ్చరిక అందకపోతే సరంగు ఆకాశం చూసి ఒడ్డుకి తిరుగుతాడు. తప్పు కబురు అందితే నమ్మి లోపలికి పోతాడు.

ఇంటర్‌లీవర్ కూడా పెట్టాలి. 200కి సీఆర్‌సీ 16, కోడ్‌ని ముగించే చివరి సున్నాలు 6 కలిపితే 222, కోడ్ అయ్యాక 444. 37 వరుసలు, 12 గళ్లు. అడ్డంగా రాసి నిలువుగా పంపు. మెరుపుకి పోయిన ముప్ఫై బిట్లు విప్పాక ఒక్కోటి ఒక్కో వరుసలోకి చెదిరిపోతాయి. ఆలస్యం యాభై మిల్లీసెకన్ల లోపే, నష్టమేం లేదు. సిగ్నల్ ఒక్కసారిగా ఎగిరితే ఆ బిట్లకి నమ్మకం సున్నా చెయ్యి. ఇది నాకు ఆ రోజు తట్టి ఉంటే...

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు నీకు గుర్తుందిగా, కొబ్బరిచెట్లు వరసగా కూలి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోయాయి. నీ పెట్టె పనిచెయ్యాల్సింది అలాంటి రోజునే. ల్యాబ్‌లో ఏసీ గదిలో పాసైందని మురిసిపోకు. ముందు పడవ మోటారు స్పార్క్ పక్కన పెట్టి రికార్డ్ చెయ్యి, ఆ నాయిస్‌నే సిమ్యులేషన్‌లోకి ఎక్కించు.

దసరాకి బోర్డు తీసుకురా. కళింగపట్నం వెళ్దాం, పడవ నేను మాట్లాడి ఉంచుతాను. ఎన్నిసార్లు ఫెయిలైనా పర్లేదు, నీ పక్కనే కూర్చుంటాను.

ఇంకో మాట. ఏంటెనా స్తంభానికి ఎర్త్ వేశారా? ఉరుములు మొదలైతే రీడింగులు ఎంత ముఖ్యమైనవైనా ఏంటెనా ముట్టుకోకు. వదిలేసి లోపలికి వచ్చెయ్యి, వచ్చి నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య,
శ్రీకాకుళం