పొదుపు కంటే ముందు వడ్డీ లెక్క చెప్పండి

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న పొదుపు పరపతి సంఘం. సభ్యులం కొందరం కలిసి దగ్గర్లోని మునిసిపల్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు శనివారాలు ఉచితంగా డబ్బు విషయాలు చెప్దామనుకుంటున్నాం. అక్కడి మాస్టారు ఒకరు 'చేతిలో పైసా ఉండని పిల్లలకు పొదుపు గురించి ఏం చెప్తారండీ' అన్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. మాస్టారు అన్నదీ నిజమే, అందుకే హుండీతో మొదలుపెట్టకండి. ఆ పిల్లల చేతిలో డబ్బు లేకపోవచ్చు గానీ, మిర్చి యార్డుకి కూలికెళ్లే ఇంట్లోనైనా ఆటో నడిపే ఇంట్లోనైనా డైలీ ఫైనాన్స్, చీటీ, బంగారం తాకట్టు అన్న మాటలు వాళ్ల చెవిన పడుతూనే ఉంటాయి. కాబట్టి ముందు వడ్డీ.

బోర్డు మీద ఒక లెక్క వేయండి. పదివేల అప్పు, ముందే 1,500 పట్టుకుని చేతికి 8,500 ఇస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వడ్డీ ఎంత అంటే పిల్లలు 15 శాతం అంటారు. కానీ రోజూ కడుతూ పోతుంటే అసలు తగ్గిపోతుంది కదా, సగటున మన దగ్గర ఉన్నది 4,250 చుట్టుపక్కలే, దానికి మూడు నెలల పది రోజులకు 1,500 అంటే నూటికి నెలకు పది రూపాయల పైమాటే! ఈ లెక్క వాళ్లచేతే వేయించండి, మీరు చెప్పేయకండి. పక్కనే మీ సంఘం అప్పు మీద వడ్డీ ఎంతో రాయండి. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతమని కూడా చాలామందికి తెలియదు, పెద్దవాళ్లకే తెలియదు. 2015 చివర్లో విజయవాడలో కాల్ మనీ (అడిగిన వెంటనే కట్టాలంటూ ఎక్కువ వడ్డీకిచ్చే అప్పులు) వ్యవహారం బయటపడినప్పుడు బాకీల పేరుతో ఆడవాళ్లను వేధించిన సంగతి కేసుల దాకా వెళ్లింది, అదీ చెప్పొచ్చు. 'మీ ఇంట్లో అప్పు ఎంత' అని మాత్రం ఏ పిల్లాడినీ అడగొద్దు.

తర్వాత ఫోన్. మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, పోవడానికే కొట్టాలి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఈ రెండూ ఇంటికెళ్లి అమ్మకి చెప్పమనండి.

పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది, పరిమితులు బ్యాంకుని బట్టి ఉంటాయి. ఆసక్తి ఉన్నవాళ్లకు ఆ దారి చూపించండి.

ఒక్కటి గట్టిగా చెప్తున్నాను. క్లాసులో మీ సంఘంలో డబ్బు కట్టమని అడగొద్దు, పాంప్లెట్లూ పంచొద్దు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల దాకా బీమా ఉంది, మీలాంటి పరపతి సంఘాలకు అది వర్తించదు. ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. హెడ్‌మాస్టర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, మొదటి రెండు శనివారాలు ఆ మాస్టారినే క్లాసులో కూర్చోమనండి.