హాకీ ఆడే పిల్లాడికి జిమ్ కావాలా? ముందు నడుము సంగతి చూడండి

"తొమ్మిదో తరగతి చదివే మా బాబు హనుమకొండలో హాకీ ఆడుతున్నాడు, బలం కోసం జిమ్‌లో చేర్పించాలా?" అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ముందు నడుము గట్టిపడనివ్వండి.

డిగ్రీ చదివే రోజుల్లో నాకు డ్రాగ్ ఫ్లిక్ పిచ్చి, అంటే బంతిని స్టిక్‌తో నేల మీద ఈడ్చి గోల్‌లోకి విసిరే షాట్. పొద్దున పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కి దిగేవాణ్ని, తర్వాత గ్రౌండ్‌లో ఫ్లిక్‌లు, సాయంత్రం జిమ్‌లో ఛాతీ, చేతులు. ఒకరోజు షూ లేసు కట్టుకుందామని వంగితే నడుము పట్టేసింది. బాపు బండి మీద ఆసుపత్రికి తీసుకుపోతే, ఐదు నిమిషాల్లో మాత్రలు రాసిచ్చి ఆట మానెయ్యమన్నారు. ఎందుకు పట్టేసిందో ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

నొప్పి తగ్గాక మా పాత పీఈటీ సార్ ఇంటికి రమ్మన్నారు. వరండాలో చాప మీద చేతులు, మోకాళ్లు ఆనించి ఉండమని, నడుము మీద నీళ్లు నింపిన స్టీలు గ్లాసు పెట్టారు. "కుడి చెయ్యి, ఎడమ కాలు లేపు బిడ్డా. నీళ్లు ఒలకొద్దు." గ్లాసు కొంచెం వణికి ఆగింది. "ఇప్పుడు ఎడమ చెయ్యి, కుడి కాలు." కాలు జానెడు లేచిందో లేదో తుంటి పక్కకు ఒరిగింది. గ్లాసు దొర్లింది, చాపంతా తడిసింది. "చూసినవా? స్టిక్ పట్టేది ఒక్క దిక్కే. నీ ఒళ్లు గూడ ఒక్క దిక్కే గట్టిపడ్డది" అన్నారు సార్.

ఆ మాట నిజం. హాకీలో ఎడమచేతి వాటం స్టిక్‌కు నిబంధనలే ఒప్పుకోవు. అందరిదీ ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. గంటలకొద్దీ వంగి, ఒకే వైపు మెలి తిరుగుతాం. ఫ్లిక్‌కు ఊపు కాళ్ల నుంచి పుట్టి, తుంటి, నడుము మీదుగా చేతుల్లోకి రావాలి. మధ్యలో పట్టు లేకపోతే ఆ భారమంతా వెన్ను మీదే పడుతుంది.

యూట్యూబ్‌లో హాకీ కసరత్తులని వెతికితే ఎక్కువగా ఐస్ హాకీవే వస్తాయి. వాళ్లు మంచు మీద ఒంటికాలితో పక్కకు తోసుకుంటూ పోతారు, అందుకే గజ్జల బలం మీద అంత శ్రద్ధ. మనకు సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి ఒక మోచేతి మీద ఒళ్లు తిన్నగా ఆపడం), ఒంటికాలి కసరత్తులు అక్కడి నుంచి తీసుకోవచ్చు కానీ, మొత్తం కాపీ కొట్టొద్దు. మనది వంగి ఆడే ఆట.

ఇంకో బాధ చెప్పాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచే పెద్ద స్థాయి హాకీ టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీదికి మారింది. మన పిల్లల్లో చాలామంది ఇప్పటికీ మట్టిలో నేర్చుకుని, సెలెక్షన్ల రోజున టర్ఫ్ మీద అడుగుపెడతారు. అక్కడ బంతి వేగంగా జారుతుంది, ఇంకా కిందికి వంగాలి. అలవాటు లేని నడుము ఎంతసేపు ఆగుతుంది?

బాబుకు వారానికి మూడు రోజులు చాలు. ప్లాంక్ (బోర్లా మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా ఆపడం), రెండు వైపులా సైడ్ ప్లాంక్ ఇరవై సెకన్ల చొప్పున, వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తడం, బస్కీలు, పైన చెప్పిన చెయ్యి-కాలు కసరత్తు. ఊపిరి బిగబట్టనివ్వకండి. నొప్పి కాల్లోకి పాకినా, తిమ్మిరి వచ్చినా కసరత్తు ఆపించి, ఓపికగా చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఈ రాత్రే ఒక గ్లాసు నీళ్లు పెట్టి చూడండి. ఏ కాలు లేపితే ఒలికిందో చెప్తే, ఏ వైపు ఎక్కువ చేయించాలో రాస్తాను.