శాసనం రాయి మీద తేదీ చదవడం ఎలా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా గుడి మండపం స్తంభాల మీద పాత తెలుగు అక్షరాలున్నాయి. సగం సున్నం పూత కింద పడిపోయాయి. వాటి నకలు తీసి, ఏ సంవత్సరంవో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: ముందు దేవస్థానం ఈవో దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాల్లాగా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట ఆ శాఖ అనుమతీ ఉండాలి. సున్నం ఊడగొట్టడానికి యాసిడ్, ఇనుప బ్రష్ దయచేసి వాడొద్దు. పెచ్చుతోపాటు అక్షరం అంచూ ఊడొస్తుంది, దాన్ని మళ్లీ ఎవరూ తేలేరు. అక్షరాల్లో సుద్ద, ముగ్గుపిండి రుద్దడమూ తప్పే. రుద్దినవారు ఊహించిన గీతే ఫొటోలో పడుతుంది, చెక్కిన గీత కాదు.

ఫొటోలతో మొదలుపెట్టండి. చీకటి పడ్డాక టార్చిని రాయి పక్క నుంచి ఏటవాలుగా వేసి, కుడి, ఎడమ, పైన ఒక్కో వైపు నుంచి ఒక్కో ఫొటో తీయండి. ఒక వెలుగులో కనబడని గుడిదీర్ఘం ఇంకో వెలుగులో తేలుతుంది.

కాగితం నకలు కావాలంటే, మంచినీళ్లతో దుమ్ము కడిగి, తడిపిన చేతికాగితాన్ని రాయి మీద పరచండి. గాలి బుడగల్ని అంచులకు తోసేసి, గట్టి వెంట్రుకల బ్రష్‌తో నిటారుగా కొడుతూ కాగితాన్ని గుంటల్లోకి దింపండి. కిటుకంతా ఆరబెట్టడంలోనే ఉంది. చెమ్మ ఎక్కువైతే సిరా పాకి అక్షరం పూడిపోతుంది, రాయికీ అంటుతుంది. పూర్తిగా ఆరితే కాగితం లేచిపోతుంది. తాకితే చల్లగా ఉండి, వేలికి తడి అంటనప్పుడు గుడ్డమూటతో సిరా పలచగా అద్దాలి. చుట్టూ నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది.

ఇక సంవత్సరం. శాసనంలో శకవర్షం ఉంటే, క్రీస్తుశకంలోకి మార్చడానికి 78 కలపండి. మాఘ, ఫాల్గుణాలైతే జనవరి దాటి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది కనుక 79. మొదటి కులోత్తుంగ చోళుడి ఏలుబడి సంవత్సరమే ఉంటే 1069 కలపాలి, ఆయన 1070లో పట్టానికొచ్చాడు. చాళుక్య విక్రమ వర్షమైతే, అంటే కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు మొదలుపెట్టిన లెక్కైతే, 1075. ఈ రెండూ మన ప్రాంతపు శాసనాల్లో కనబడతాయి, ఒకదాన్ని ఇంకోటనుకుంటే ఆరేళ్లు తేడా వస్తుంది.

ప్రశ్న: రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం 1022లో అని అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆయన కోరుమిల్లి రాగిరేకుల్లో ఆ తేదీ శ్లోకంగా ఉంది. శకవర్షాన్ని 'వేదాంబురాశినిధి' అన్నారు. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. ఇలాంటి లెక్కను ఒకట్ల స్థానం నుంచి పేర్చుకుంటూ పోవాలి కనుక 944. రాసిన వరసలోనే చదివితే 449 అవుతుంది, రాజు ఐదు శతాబ్దాలు వెనక్కి పోతాడు! 944కి 78 కలిపితే 1022. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడని, అంటే ఆగస్టు ప్రాంతమని కూడా చెప్పారు కాబట్టి 79 కలపాలేమోనన్న అనుమానం లేదు. బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం అనీ ఇచ్చారు. పంచాంగ గణితంతో సరిచూస్తే ఇవన్నీ కలిసేది 1022 ఆగస్టు 16న.